వామన్‌రావు తిన్న గింజలు

పచ్చి శనగలు నమలలేని పళ్ళు పహిల్వాన్ పళ్ళు కావని దస్తగీర్ ఉస్తాద్ అనేవాడు. ఆ ఒక్క మాట మా ఆయన కొంప ముంచింది. ఉస్తాద్ చెడ్డవాడని నేననను. కానీ మంచివాళ్ళ మాటను ఎవరూ అనుమానించరు కదా, అదే వచ్చిన చిక్కు.

మా ఆయన పేరు వామన్‌రావు. పుట్టి పెరిగింది హుస్సేనీ ఆలంలో, పూలు కట్టే ఇంట్లో. మా మామగారు విఠల్‌రావు, ఆయన తండ్రి, ఆ పై తాత, అందరూ ఆ గల్లీలోని గుడికి దండలు కట్టినవాళ్ళే. ఇంట్లో మాంసం లేదు, గుడ్డు మాట లేదు, ఏకాదశి వస్తే ఉల్లిపాయ కూడా గడప బయటే. అలాంటి ఇంట్లో పుట్టిన మనిషికి కుస్తీ పిచ్చి పట్టింది. మల్లెలు గుచ్చమని కూర్చోబెడితే దారం పట్టుకోవడం రాదు గానీ, ఎదుటివాడి మెడ పట్టుకుంటే మాత్రం వదిలేవాడు కాదు. మా మామగారు తల బాదుకుని, ఇక లాభం లేదని తానే తీసుకెళ్ళి గల్లీ చివర కుస్తీ నేర్పే దస్తగీర్ ఉస్తాద్ తాలీంలో వదిలిపెట్టాడు.

తాలీంలో ఒక కట్టుబాటు ఉండేది. శిష్యుడు ఏం తినాలో ఉస్తాదే చెప్పాలి. దాన్ని ఖురాక్ అంటారు. ఉస్తాద్ చెప్పనిది నోట్లో వేసుకుంటే గోదా మట్టి తొక్కనివ్వడు. మాంసం తినేవాళ్ళకు ఎముకల రసం, తిననివాళ్ళకు పాలు, బాదం పప్పు. కులం ఏదైనా, మతం ఏదైనా అందరికీ తప్పనిది ఒకటుంది. ముందురోజు నానబెట్టిన శనగలు తెల్లవారగానే పచ్చివే గుప్పెడు నమిలి, ఆ నీళ్ళు తాగాలి. దండాలు, బైఠక్‌లు, ఏ కసరత్తైనా ఆ తర్వాతే.

ఆయన ఉప్పుగూడ స్టేషన్‌లో కలాసీ. పొద్దున కుస్తీ, పగలంతా గూడ్సు మూటలు. బాదం పప్పు మా వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకే కనబడేది, రోజూ తినేది కాదు. పాలు ఇంట్లో ఉన్నవాటిలోనే సర్దుకోవాలి. ఒళ్ళు అడిగేది ఒకటి, ఇల్లు పెట్టగలిగేది ఇంకొకటి.

మా ఇల్లు ఆ స్టేషన్ వెనకే. మా బాపు పురుషోత్తం రేషన్ ఆఫీసులో గుమాస్తా. రైలు పట్టాల పక్క బాటలో కుట్టు క్లాసుకు పోతూ వస్తూ నేను ఆయన్ని చూశాను. రెండు మూటలు భుజం మీద పెట్టుకుని కూడా ఎదురుగా వచ్చే ముసలమ్మకు దారి ఇచ్చి పక్కకు నిలబడే మనిషి. చూసింది నేనే, మెచ్చింది నేనే, అమ్మ చెవిన వేసిందీ నేనే. సిగ్గులేనిదని మా మేనమామ ఈశ్వరయ్య అప్పుడే ఒక ముద్ర కొట్టాడు. అయినా డెబ్బై ఆరులో, వానలు మొదలయ్యే ముందు, ఇరువైపులా ఒప్పుకుని పూలు పండ్లు చేశారు. దసరా దాటాక పెళ్ళి అనుకున్నారు.

అంతలో సోయా వచ్చింది.

వెంకటనారాయణ గారని ఒకాయన వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. గుంటూరు వైపు మనిషి, కాపురం మలక్‌పేటలో. విత్తనాల మూటలు రైల్లో వస్తే దగ్గరుండి దింపించుకోవడానికి స్టేషన్‌కు వచ్చేవాడు. ఒకసారి మూట పిగిలి గింజలు ప్లాట్‌ఫారం మీద పారాయి. పసుపుపచ్చగా, గుండ్రంగా, బఠాణీకి చెల్లెళ్ళలా ఉన్నాయట.

"ఏంది సార్ ఇవి? బఠాణీలా?" అని మా ఆయన అడిగాడు.

"సోయా చిక్కుడు గింజలోయ్. కందిపప్పులో ఉన్న బలానికి ఇందులో రెట్టింపు ఉంటుంది. మాంసం తిననివాళ్ళకు ఇంతకంటే మంచి తిండి లేదు," అన్నాడాయన.

మాంసం తిననివాళ్ళకు అన్న మాట మా ఆయన చెవిలో పడింది, ఇంకేముంది. పిగిలిన మూటలోంచి ఒక సంచెడు గింజలు ఆ పెద్దమనిషే ఇచ్చాడు. ఎలా తినాలో ఆయన చెప్పలేదు. వాళ్ళ వైపు ఏ గింజైనా ఉడకబెట్టకుండా తినేవాళ్ళు లేరు, కాబట్టి చెప్పాలని ఆయనకు తోచలేదు. మా ఆయనా అడగలేదు. ఖురాక్ సంగతి సారును అడగడమేమిటి, అది ఉస్తాద్ చెప్పాల్సింది.

ఉస్తాద్ గింజ నోట్లో వేసుకుని కొరికి చూశాడు. "చనే కా భాయీ హై రే. శనగ లెక్కనే నానబెట్టు, శనగ లెక్కనే నమిలెయ్," అన్నాడు.

మా ఆయన నమిలాడు. పచ్చి సోయా గింజ ఎలా ఉంటుందో మీరెప్పుడైనా తిని చూశారా? నేను చూశాను. పసరు వాసన, గొంతు దిగదు. ఉస్తాద్ చెప్పాడు గనక మా ఆయన రోజూ గుప్పెడు చొప్పున, ముఖం చిట్లించకుండా తిన్నాడు. ఎంత తింటే అంత బలమని గుప్పెడు కాస్తా రెండు గుప్పెళ్ళు చేశాడు. కడుపు ఉబ్బింది. అజీర్తి, గ్యాసు, పొద్దస్తమానం చెంబు పట్టుకుని పరుగు. కొత్త ఖురాక్ ఒంటికి పట్టడానికి టైం పడుతుందని ఉస్తాద్ ధైర్యం చెప్పాడు. శ్రావణం, భాద్రపదం గడిచేసరికి మెడ సన్నబడింది, చెంపలు లోపలికి పోయాయి, మూట ఎత్తితే కాళ్ళు వణికాయి. దసరా దంగల్‌లో, ఎప్పుడూ తన చేతిలో వెల్లకిలా పడేవాడి చేతిలో, పట్టు పట్టకముందే పడిపోయాడు.

ఓడిపోతే ఓడిపోయాడు, పహిల్వాన్ అన్నాక ఓడడా? అసలు గొడవ అక్కడ కాదు.

మా మామ ఈశ్వరయ్యకు ఊరందరి సంగతీ కావాలి. వెంకటనారాయణ గారు మలక్‌పేటలో ఏదో సభలో సోయా గురించి మాట్లాడుతుంటే వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆయన అక్కడ గంటసేపు మాట్లాడితే మా మామకు రెండే రెండు మాటలు వినబడ్డాయి. సోయాలో ఆడవాళ్ళ ఒంట్లో ఊరే రసాన్ని పోలిన పదార్థం ఒకటి ఉంటుందన్నది మొదటిది. ఆస్ట్రేలియాలో అలాంటి పదార్థమే ఉన్న గడ్డి మేసిన గొర్రెలు ఈనలేదన్నది రెండోది. ఆ రెండూ మూట కట్టుకుని తిన్నగా మా ఇంటికి వచ్చాడు.

"బావా, అండ్ల ఆడదాని సత్తువ ఉంటదట. పెద్ద చదువు చదివినాయనే చెప్పిండు. గొర్రెలకే పిల్లలు పుట్టలేదంటే మనిషి లెక్కెంత? పోరడు ఎట్ల గుంజుకపోయిండో చూసినవు గద. ఆడు ఇప్పుడు మొగోడు కాడు."

మా బాపు తల వంచుకుని కూర్చున్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తలుపు చాటున లేను, ఎదురుగానే నిలబడ్డాను.

"నువ్వు చూసొచ్చినవా మామా?" అన్నాను.

చెంప పగిలిందనుకోండి. బాపు నన్ను కొట్టడం అదే మొదలు, అదే చివర. కొట్టి ఆయనే ఏడ్చాడు.

మాట ఉప్పుగూడ నుంచి హుస్సేనీ ఆలం చేరడానికి ఎంతసేపు? తాలీంలో ఆయన లంగోటా బిగిస్తే పక్కవాళ్ళు నవ్వారు. ఛాతీ పెరుగుతున్నదని ఒకడు, గొంతు సన్నబడ్డదని ఇంకొకడు. స్టేషన్‌లో తోటి కలాసీలు గాజులు తెచ్చి ఆయన అన్నం డబ్బా మీద పెట్టారు. ఆయన వాటిని తీసి జేబులో వేసుకుని, పెళ్ళయ్యాక నాకు తొడిగాడు. సైజు సరిపోలేదు, అది వేరే సంగతి.

మా మామ ఈశ్వరయ్య పంచాయితీ పెట్టించాడు. వామన్‌రావు తాలీంలో హనుమంతుడి పటం ముందు, నలుగురి ఎదుట, ఆ గింజ ఇక ముట్టనని ఒట్టు వెయ్యాలి. గింజ మానితే పోయిన మొగతనం తిరిగొస్తుందని ఆయన లెక్క. ఒట్టు వేస్తే పెళ్ళి, లేకపోతే పూలు పండ్లు వాపస్. మా ఆయన వెయ్యనన్నాడు. మా మామగారు బతిమాలితే కూడా వెయ్యనన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదని అడక్కండి, అందరి మీదా. కుట్టు క్లాసుకని చెప్పి మలక్‌పేట బస్సెక్కాను. వెంకటనారాయణ గారి ఇల్లు కనుక్కుని, వరండాలో పేపర్ చదువుకుంటున్న మనిషి ఎదుట నిలబడి, "సార్, సోయా తింటే మొగోడు మొగోడు గాకుండ పోతడా?" అని అడిగాను. ఆయన చేతిలో పేపర్ జారిపోయింది.

కూర్చోబెట్టి అంతా విన్నాడు. విని, "ఏవిటమ్మా ఇది, నేను చెప్పిందేవిటి, ఊళ్ళో పాకిందేవిటి," అని తల పట్టుకున్నాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. ఆ పదార్థం ఉన్న మాట నిజమే. కానీ ఒంట్లో ఊరే రసంతో పోలిస్తే దాని జోరు చాలా తక్కువ. ఆ గొర్రెలు పొద్దస్తమానం, నెలల తరబడి ఆ గడ్డి తప్ప ఇంకోటి మెయ్యలేదు. జపాన్‌లో, చైనాలో తాతల కాలం నుంచీ సోయా తింటున్నారు, వాళ్ళకు పిల్లలకేం కరువు లేదు.

"ఆడవాళ్ళకు మంచి చేస్తుందా, ఎవరికైనా చెడు చేస్తుందా అని ఇంకా చూస్తూనే ఉన్నారమ్మా. గొంతు దగ్గర గ్రంథి జబ్బు ఉన్నవాళ్ళు జాగ్రత్తపడాలనీ అంటారు. తెలియనిది తెలుసని నేను చెప్పను. గుప్పెడు గింజలకు మగాడు ఆడదవుతాడన్నది మాత్రం ఒట్టి మాట."

"మరి ఎందుకు గట్ల గుంజుకపోయిండు?"

"అదే నాకూ అర్థం కావడంలేదు. ఎలా తిన్నాడు?"

"శనగల్లెక్కనే. నానబెట్టి పచ్చియే."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "పచ్చివా?" అన్నాడు. మళ్ళీ కూర్చున్నాడు. పచ్చి సోయాలో తిన్న తిండిని అరగనివ్వని గుణం ఒకటి ఉంటుందనీ, అది ఉడికితేనే చస్తుందనీ, పచ్చివి ఎన్ని తింటే అంత నీరసమనీ చెప్పాడు. మనిషి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను చెప్పి ఉండాల్సింది. ఎవరైనా పచ్చివి తింటారని నా బుద్ధికి తోచలేదమ్మా," అన్నాడు.

ఆయన భార్య శారదాంబ గారు లోపలి నుంచి అంతా వింటూనే ఉందేమో, కాఫీ గ్లాసుతో వచ్చింది. "ఆయన చెప్పేవన్నీ ఇలాగే సగం సగం ఉంటాయి, నేను పడుతున్నాగా," అని, వంటింట్లోకి తీసుకెళ్ళి చూపించింది. నానబెట్టిన నీళ్ళు పారబొయ్యాలి, పొట్టు నలిపి తీసెయ్యాలి, కుక్కర్లో వేసి వేలితో నొక్కితే మెదిగేదాకా ఉడికించాలి. నేను చూసి నేర్చుకుని, ఆమె ఇచ్చిన గింజల పొట్లం పట్టుకుని బయల్దేరాను.

బస్సు దిగి ఇంటికి పోలేదు, తిన్నగా స్టేషన్‌కు పోయాను. పట్టపగలు, ప్లాట్‌ఫారం నిండా జనం. పెళ్ళి కాని పిల్ల పెళ్ళి కాని మొగవాడితో నిలబడి మాట్లాడితే ఆ రోజుల్లో ఎంత లొల్లో మీకు చెప్పక్కర్లేదు. ఆయన మూట దించి నా వైపు చూశాడు.

"మీరు తిన్నది తప్పు గాదు, పచ్చిగ తిన్నది తప్పు. ఉడకబెట్టుకొని తినుండ్రి," అని అంతా చెప్పాను. "గా ఒట్టేదో వేస్తె అయిపోతది గద, ఎందుకు మొండికేస్తున్నరు?"

"ఒట్టేస్తె నేను చెడిపోయిన అని ఒప్పుకున్నట్టే గద అలివేలూ. చెడిపోలే. నీకు నా మీద అనుమానముంటె చెప్పు, ఇప్పుడే వాపస్ తీస్కో."

"అనుమానముంటే గింత దూరమెందుకొస్త?" అన్నాను.

ఆయన నవ్వాడు. చెంపలు పీక్కుపోయిన ఆ ముఖంలో ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

పంచాయితీ రోజు తాలీం నిండిపోయింది. మా బాపు, మామగారు, మామ ఈశ్వరయ్య, గల్లీ పెద్దలు, పహిల్వాన్‌లు. తాలీం గడప ఆడవాళ్ళు దాటకూడదు. నేను దాటలేదు. గడప మీద నిలబడ్డాను. చేతిలో గిన్నె, గిన్నె నిండా సోయా గుడాలు. ఉడకబెట్టి, పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ, కరివేపాకు వేసి తాలింపు పెట్టి తెచ్చాను. వాసనకు తలకాయలన్నీ ఇటు తిరిగాయి.

"ఇంటికి పో," అన్నాడు మామ.

"పోత. ముందుగాల ఈ పిడికెడు గుడాలు తిను మామా. పిడికెడే. మీరందరు తలా పిడికెడు తినుండ్రి, తిని ఆయన్ను ఒట్టెయ్యమనుండ్రి."

ఎవరూ కదల్లేదు. తొడలు చరిచే మనుషులు, మీసాలు మెలేసే మనుషులు, కత్తులకు భయపడమని ఛాతీ చూపించే మనుషులు. ఒక్కడి చెయ్యి కూడా గిన్నె దాకా రాలేదు. నేనే తిన్నాను. గిన్నె చాపితే మా ఆయన దగ్గరికి వచ్చి తిన్నాడు.

"గింతమంది మొగోళ్ళు, గుడాలకు భయపడ్డరు. ఆయనొక్కడే భయపడలే. నాకు మొగోడు కావాలె గనక ఆయన్నే చేసుకుంట," అన్నాను.

అప్పుడు లేచాడు దస్తగీర్ ఉస్తాద్. గడప దాకా వచ్చి, గిన్నెలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసుకుని, నిలబడి, నింపాదిగా నమిలాడు. "గలతీ ఇస్‌కీ నై, మేరీ హై," అన్నాడు అందరి వైపు తిరిగి. "తప్పు నాది. నేనే పచ్చియి తినమన్న. ఈ పిల్ల ఉడికించి తెచ్చింది. తాలీంల ఖురాక్ చెప్పేది నేను. ఇగ నుంచి ఇదే ఈని ఖురాక్. ఒట్టు లేదు, గిట్టు లేదు, నక్కో." ఉస్తాద్ తిన్నాక శిష్యులు తినక చస్తారా? గిన్నె ఖాళీ అయింది. మా బాపు కూడా ఒక్క గింజ తీసుకుని, మందు మింగినట్టు మింగాడు. మాఘమాసంలో మా పెళ్ళయింది.

ఆ మరుసటి దసరాకు ఆయన మెడ మళ్ళీ మెడలా అయింది. ఓడగొట్టినవాణ్ణి వెల్లకిలా పడేశాడు. కథ అక్కడితో అయిపోతే బాగుండేది.

మాకు పిల్లలు పుట్టలేదు. ఒక ఏడాది చూశారు, రెండేళ్ళు చూశారు, తర్వాత మొదలుపెట్టారు. చెప్పలేదా, గింజల మహిమ, గొర్రెల సంగతి. తాలీంలో తిన్నవాళ్ళందరికీ ఇంటినిండా పిల్లలే, అది ఎవరికీ గుర్తుకు రాదు. ఎనభై రెండులో ఒక పెద్ద దవాఖానకు పోయాం. ముందు ఆయన్ని చూడమని ఆయనే పట్టుబట్టాడు. ఆయనకు ఏ లోపమూ లేదన్నారు. తర్వాత నాకు రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. గర్భసంచి గొట్టాలు రెండూ మూసుకుపోయాయనీ, ఎప్పుడో చిన్నప్పుడు వచ్చిన క్షయ వల్ల కావచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. రిక్షాలో వస్తుంటే నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు. ఎవ్వలకు చెప్పకు. వాళ్ళు ఎట్లాగూ సోయా అనే అంటున్నరు, అననియ్యి. నాకు అలవాటైపోయింది. నిన్నంటే నేను ఓర్వలేను."

ఊళ్ళో గొడ్రాలు అన్న మాట ఎంత పదునుగా ఉంటుందో ఆయనకు తెలుసు. అది నా మీద పడకుండా, మొగవాడు భరించలేని మాటను తన మీద వేసుకున్నాడు. తాలీంలో పిల్లలకు పట్లు నేర్పుతూ, స్టేషన్‌లో మూటలు మోస్తూ, వెనక కిసుక్కుమన్న ప్రతి నవ్వునూ మోశాడు. నేను నోరు మూసుకున్నాను. ఆయన ఒట్టు వేయించుకున్నాడు గనక మూసుకున్నాను.

మా పెళ్ళై పద్దెనిమిదేళ్ళు దాటింది. మొన్న వేసవిలో ఉప్పుగూడలో మా చెల్లెలి ఆడపడుచు పెళ్ళి. బంతిలో అందరం కూర్చున్నాం. మా ఆయన పప్పు బకెట్ పట్టుకుని వడ్డిస్తున్నాడు. మా మామ ఈశ్వరయ్య ముసలివాడయ్యాడు గానీ నోరు ముసలిది కాలేదు. బంతి మొత్తానికి వినబడేలా అన్నాడు.

"మస్తు వడ్డిస్తున్నవు వామన్‌రావూ. గా గింజలు తినకపోతే ఈపాటికి నీ కొడుకు వడ్డించెటోడు గద."

బంతి అంతా నవ్వింది. మా ఆయన కూడా, ఎప్పటిలాగే, నవ్వాడు. ఆ నవ్వు చూశాక నా వల్ల కాలేదు. విస్తరి ముందు నుంచి లేచాను.

"మామా, గింజల తప్పు లేదు, ఈయన తప్పు అసలే లేదు. దవాఖానల ఇద్దరం చూపించుకున్నం. లోపం నాది. చిన్నప్పుడు నాకు క్షయ వస్తే మందులు తెచ్చి పోసింది నువ్వే గద, గా జబ్బే నా కడుపు కొట్టింది. గొడ్రాలినంటరా, నన్ననుండ్రి. ఈయన్ని ఇంకొక్కసారి అన్నరంటే ఈ బంతి ఎత్తేస్త."

మామ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన బకెట్ కింద పెట్టి నా దగ్గరికి వచ్చాడు. గోదాలో ఓడినప్పుడు కూడా ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడలేదు నేను.

"ఏందే గిది. చెప్పమని నేనెప్పుడన్న అడిగిన్నా నిన్ను?"

"అడగలే. అందుకే చెప్పిన," అన్నాను.